నెగటివు ఎవరిది?



గత సంచికలో శీతలీకరణ గోపురాల గురించి నేను రాసిన వ్యాసం కొంత బరువుగా ఉన్నదని పలువురు సహోద్యోగులు అభిప్రాయపడ్డారు. స్టోర్స్ విభాగంలోని ఒక మిత్రుడైతే క్యాంటీనులో నలుగురి ఎదుటా, "గురువు గారూ, ఈసారి కాస్త నవ్వు వచ్చే విషయం రాయండి" అని చేతులు జోడించాడు. నవ్వించడం నాకు అబ్బని విద్య. అయితే నవ్వును ఒక పరిశ్రమగా నిలబెట్టి, దాని నుండి అపారమైన సంపదను గడించి, ఆ సంపదలో పెద్ద భాగాన్ని ఇతరుల పరం చేసి వెళ్ళిపోయిన ఒక నిర్మాత కథ నాకు తెలుసు. ఈ మాసం దానిని మనవి చేస్తాను.

1984లో దూరదర్శన్‌లో 'యే జో హై జిందగీ' అనే హిందీ హాస్య ధారావాహిక ప్రసారమైనప్పుడు మా నాన్నగారు పనిచేసే కర్మాగారపు కాలనీలో టీవీ ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. హిందీ సగమే అర్థమయ్యేది; నవ్వు మాత్రం పూర్తిగా వచ్చేది. మరుసటి రోజు బడిలో నా మిత్రుడొకడు, "ఒకసారి చూపించేశాక ఆ బొమ్మను ఏం చేస్తార్రా?" అని అడిగాడు. నా వద్ద సమాధానం లేదు. అప్పటికి ముప్పై మూడేళ్ళ క్రితమే, అమెరికాలో, క్యూబా నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఒక సంగీతకారుడు ఇదే ప్రశ్నను సరైన సమయంలో వేసుకున్నాడని చాలా కాలం తరువాత చదివి తెలుసుకున్నాను.

అతడి పేరు డెసి ఆర్నాజ్. 1917 మార్చి 2న క్యూబాలోని శాంటియాగో నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఆ నగరానికి మేయరు. 1933లో అక్కడి ప్రభుత్వం కూలిపోయినప్పుడు కుటుంబపు ఆస్తి పోయింది, తండ్రి చెరసాల పాలయ్యాడు. తరువాత తండ్రీ కొడుకులు అమెరికాలోని మయామీ చేరారు. అక్కడ ఆ మేయరు గారి కుమారుడు చేసిన తొలి ఉద్యోగాలలో ఒకటి కెనరీ పిట్టల పంజరాలు శుభ్రం చేయడం. గిటారు, కాంగా డోలు అతడిని ఆదుకున్నాయి. జేవియర్ కుగాట్ వాద్యబృందంలో కొంతకాలం పనిచేసి, సొంత బృందం పెట్టుకొని, 1939లో బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కాడు. ఆ నాటకాన్ని ఆర్.కె.ఓ. స్టూడియో మరుసటి ఏడాది చలనచిత్రంగా తీసినప్పుడు అక్కడ లూసిల్ బాల్ అనే నటి పరిచయమైంది. 1940 నవంబరు 30న వారి వివాహం జరిగింది. ఈ ఆర్.కె.ఓ. పేరు గుర్తుంచుకోగలరు, మళ్ళీ వస్తుంది.

లూసిల్ బాల్ రేడియోలో చేస్తున్న ఒక హాస్య కార్యక్రమాన్ని టెలివిజన్‌కు మార్చాలని సి.బి.ఎస్. సంస్థ కోరింది. తన భర్తే తెరమీద భర్తగా ఉండాలని ఆమె పట్టుబట్టింది. యాస మాట్లాడే క్యూబా వాడిని అమెరికా గృహిణికి భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని సంస్థవారి సందేహం. దంపతులిద్దరూ 1950లో 'డెసిలూ' పేరుతో సొంత సంస్థ స్థాపించి, ఊరూరా రంగస్థల ప్రదర్శనలిచ్చి, జనం ఒప్పుకుంటారని నిరూపించారు. సందేహాన్ని వాదనతో కాక పరీక్షతో తీర్చిన ఈ పద్ధతి నాబోటి వానికి సహజంగానే నచ్చుతుంది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆ రోజులలో ముఖ్యమైన కార్యక్రమాలలో అధిక భాగం న్యూయార్కు నుండి ప్రత్యక్ష ప్రసారమయ్యేవి. దేశపు రెండు తీరాలను కలిపే మైక్రోవేవ్ మార్గం 1951 సెప్టెంబరులో గాని వాడుకలోకి రాలేదు. అంతవరకు ఒక తీరపు కార్యక్రమం రెండవ తీరానికి చేరాలంటే పిక్చర్ ట్యూబు మీద కనిపించే బొమ్మను ఎదురుగా ఉన్న సినిమా కెమెరాతో పట్టి, ఆ ఫిల్మును పంపించేవారు. దీనినే కైనెస్కోపు అనేవారు. బొమ్మకు బొమ్మ తీయడం వలన స్పష్టత పోయేది, బూడిద రంగు ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ప్రేక్షకులలో అధిక సంఖ్యాకులు తూర్పున, మధ్య రాష్ట్రాలలో ఉండేవారు. సిగరెట్లు అమ్ముకొనే ప్రాయోజక సంస్థకు వారికి మసక బొమ్మ చూపడం ఇష్టం లేదు. దంపతులకు హాలీవుడ్ విడిచి న్యూయార్కు వెళ్ళడం ఇష్టం లేదు. అప్పుడు ఆర్నాజ్, మొత్తం కార్యక్రమాన్ని హాలీవుడ్‌లోనే, ప్రేక్షకుల ఎదుట, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీస్తామన్నాడు. ఏ తీరానికైనా ఒకే నాణ్యత గల ప్రతి వెళుతుంది.

ఖర్చు పెరిగింది. నెట్‌వర్కు కొంత, ప్రాయోజకులు కొంత భరించారు. మిగిలిన భాగానికి దంపతులు తమ పారితోషికం వారానికి 5,000 డాలర్ల నుండి 4,000కు తగ్గించుకోవాలన్నారు. ఆర్నాజ్ సరేనన్నాడు. అయితే ఒక షరతు: ఫిల్ము నెగటివులపై సర్వహక్కులు డెసిలూవే. సంస్థవారు పెద్దగా అభ్యంతరం పెట్టలేదు. ఒకసారి ప్రసారమైన హాస్య కార్యక్రమం నిన్నటి పత్రికతో సమానమని ఆనాటి నమ్మకం. పైగా అప్పట్లో అమెరికాలో అత్యధిక ఆదాయ శ్రేణిపై పన్ను 90 శాతం పైమాటే. వదులుకున్న వెయ్యిలో చేతికి అందేది ఎటూ స్వల్పమేనని అతడు లెక్కవేసుకున్నాడు. మార్చి నెల వచ్చేసరికి మన అకౌంట్స్ విభాగం ముందు బారులు తీరే మిత్రులు ఈ లెక్కను సులభంగా గ్రహించగలరు.

ఇక పని. ప్రేక్షకుల ఎదుట నాటకంలా సాగిపోయే ప్రదర్శనను సినిమా నాణ్యతతో చిత్రించడం ఎలా? సినిమాలో ప్రతి షాటుకూ దీపాలు మార్చుతారు. ఇక్కడ మూడు కెమెరాలు ఒకేసారి నడవాలి: మధ్యది మొత్తం దృశ్యాన్ని, పక్కన ఉన్న రెండూ ముఖాలను పట్టాలి. ఒక కెమెరాకు అనుకూలించిన దీపం మరొక దానికి నీడ అవుతుంది. ఆర్నాజ్ ఈ సమస్యను కార్ల్ ఫ్రాయిండ్ ముందుంచాడు. ఇతడు జర్మనీలో 'మెట్రోపోలిస్' చిత్రానికి ఛాయాగ్రాహకుడు, 'ది గుడ్ ఎర్త్' చిత్రానికి ఆస్కారు బహుమతి పొందినవాడు, కాంతిని కొలిచే మీటర్లు తయారుచేసే సంస్థను నెలకొల్పినవాడు. ఇది సాధ్యం కాదన్నదే అతడి మొదటి మాట. అంతటి వాడు కాదన్న తరువాత కూడా ఆ పనిని అతడి చేతనే చేయించడం ఆర్నాజ్ నేర్పు.

ఫ్రాయిండ్ దీపాలన్నింటినీ పైకెత్తి, రంగస్థలమంతటా సమంగా కాంతి పరచుకొనేలా అమర్చాడు. నేలమీద ఒక్క తీగ లేదు. కెమెరాల బండ్లు అడ్డు లేకుండా తిరిగాయి. ముఖాలలో నీడ పూడ్చడానికి కెమెరా కటకం పైననే చిన్న దీపం పెట్టించాడు. టెలివిజన్ తెర నలుపు తెలుపుల తేడాను హెచ్చు చేస్తుంది కనుక గోడలు, దుస్తులు సైతం బూడిద ఛాయలలో ఉండేలా చూశాడు. బండ్లు కుదుపు లేకుండా సాగడానికి నేలను నునుపు చేయించారు. స్టూడియోలోకి జనాన్ని రానివ్వాలంటే అగ్నిమాపక నిబంధనలు వర్తిస్తాయి. వీధివైపు గోడకు ద్వారం తెరిచి, సుమారు 300 మందికి ఆసనాలు వేశారు. నిమిషానికి 90 అడుగుల చొప్పున పరుగెత్తే ఫిల్ము, వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. కనుక దృశ్యాల విభజన కూడా ఆ కొలతను గౌరవించవలసిందే. చివరగా మూడు కెమెరాల ఫిల్మునూ పక్కపక్కన చూస్తూ కత్తిరించడానికి ఎడిటరు డాన్ కాన్ అనేక తలలు గల మూవియోలా యంత్రాన్ని ఉపయోగించాడు. వారు దానిని రాక్షసి అని పిలుచుకొనేవారట.

బహుళ కెమెరాల విధానాన్ని ఆర్నాజ్ కనిపెట్టాడని కొందరు రాస్తారు. అది సరికాదు. అంతకు ముందే జెర్రీ ఫెయిర్‌బ్యాంక్స్ మొదలైనవారు ఆ దారిలో ప్రయోగాలు చేశారు. వేర్వేరు చోట్ల ఉన్న భాగాలను ఒకచోట చేర్చి, వారం వారం ఆగకుండా నడిచే ఉత్పత్తి శ్రేణిగా మలచినది మాత్రం డెసిలూ. మరొక పేరు కూడా చెప్పకపోతే దోషమవుతుంది. ప్రధాన రచయిత, నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్ లేనిదే ఆ హాస్యమే లేదు. కార్యనిర్వాహక నిర్మాత అన్న బిరుదు విషయంలో అతడికీ ఆర్నాజ్‌కూ మనస్పర్ధలు వచ్చాయి. ఈ ఓపెన్‌హైమర్ కెమెరా కటకంలోనే అక్షరాలు కనిపించే చదువు పరికరానికి పేటెంటు పొందినవాడు కూడాను.

'ఐ లవ్ లూసీ' 1951 అక్టోబరు 15న మొదలైంది. మరుసటి సంవత్సరం లూసిల్ గర్భవతి అయినది. ఆనాడు తెరమీద ఆ మాట ఉచ్చరించడమే నిషిద్ధం. కథలోనే ఆ విషయాన్ని చేర్చుదామని ఆర్నాజ్ పట్టుపట్టి ప్రాయోజక సంస్థ అధ్యక్షుడి సమ్మతి సంపాదించాడు. కథాప్రతులను మతాచార్యులకు చూపించి మరీ చిత్రించారు. 1953 జనవరి 19న కథలోని శిశువు, నిజజీవితంలోని శిశువు ఒకే రోజున జన్మించారు. ఆ రాత్రి సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మరునాడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూసినవారు సుమారు 2 కోట్ల 90 లక్షలు. కాని నా దృష్టిలో అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. తల్లి విశ్రాంతిలో ఉన్న వారాలలో పాత భాగాలను తిరిగి ప్రసారం చేయగా జనం వాటినీ అంతే ఆసక్తితో చూశారు. నిన్నటి పత్రికను మళ్ళీ కొని చదువుతారని తేలిపోయింది. ఆ పత్రిక ఆర్నాజ్ బీరువాలో ఉన్నది.

ఇక్కడ నా స్వవిషయం కొద్దిగా చెప్పుకోవడానికి అనుమతించండి. 1990ల మధ్యలో నేను కొత్తగా చేరిన యూనిట్లో ఒక విదేశీ పంపు సీలు తరచుగా కారేది. మా సెక్షనులోని వారందరం, ఒక వృద్ధ ఫిట్టరు గారి సూచనతో, దాని అమరిక మార్చి ఆ బాధ వదిలించుకున్నాం. సరఫరాదారు తరపున వచ్చిన ఇంజనీరు మా పనిని మెచ్చుకొని, ట్రేసింగులు చూస్తానని తీసుకువెళ్ళాడు. మేము సంతోషించి టీ కూడా ఇప్పించాం. మూడేళ్ళ తరువాత వచ్చిన వారి క్యాటలాగులో అదే అమరిక కొత్త నంబరుతో, వారి పేరున్న టైటిల్ బ్లాకుతో కనిపించింది. ఆ విడిభాగాలను మేమే కొన్నాం. ఇండెంటు మీద సంతకం నాదే. ఫిట్టరు గారు ఆ బొమ్మను కళ్ళద్దాలు సవరించుకొని చూసి, "మన బొమ్మే గదండీ" అన్నారు. ఆ మాట తరువాత ఆర్నాజ్ షరతు గురించి చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు. అతడికి మూడు పదుల వయసులో తట్టినది మాకు ఎందుకు తట్టలేదు?

ఇక సంపద లెక్కలు. వారానికి వెయ్యి డాలర్ల కోత, ఏడాదికి 39 వారాలు, ఆరు సీజన్లూ అలాగే సాగిందనుకున్నా మొత్తం 2 లక్షల 34 వేలు. 1950ల ద్వితీయార్ధంలో ఆ నెగటివులను సి.బి.ఎస్. తిరిగి కొనుక్కోవడానికి ఇచ్చినది 50 లక్షల డాలర్లకు కొంచెం అటూ ఇటూగా. వద్దన్న వస్తువును ఇరవై రెట్లకు కొన్నారన్నమాట. మధ్యలో, 1953లో, నిర్మాణ వ్యయంతో కలిపి 80 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. 1957 చివరిలో డెసిలూ సుమారు 60 లక్షల డాలర్లకు ఒక స్టూడియోను కొనుగోలు చేసింది. ఏ స్టూడియో అనుకున్నారు? ఆర్.కె.ఓ.! జీతానికి నటించి, తొలిసారి ఒకరినొకరు చూసుకున్న ఆవరణకే ఆ దంపతులు యజమానులయ్యారు. సొంత ధారావాహికలే కాక ఇతర నిర్మాతలకు షెడ్లు, సిబ్బంది, సామగ్రి అద్దెకిచ్చే వ్యాపారం పెరిగింది. 1958లో వాటాలు ప్రజలకు విక్రయించారు.

వాటాదారులు వచ్చినప్పటి నుండి సంగీతకారుడు రోజంతా బల్ల ముందు కూర్చోవలసి వచ్చింది. అతడికి తాగుడు అలవాటు ముందే ఉన్నది, అది ముదిరింది. జూదం, ఇతర స్త్రీలతో సంబంధాలు సంసారాన్ని విరిచాయి. 1960 వసంతంలో చివరి కార్యక్రమం పూర్తయిన వెంటనే లూసిల్ విడాకులు కోరింది. నలభై దేశాల ఇళ్ళలో నవ్వులు పూయించిన ఇల్లు అది అని వర్ణించాలనిపిస్తుంది గాని, నేను దేశాలు లెక్కపెట్టలేదు కనుక ఆ అలంకారాన్ని వదిలేస్తున్నాను. 1962లో అతడు తన వాటాను 25 నుండి 30 లక్షల డాలర్ల మధ్య ధరకు ఆమెకే అమ్మి తప్పుకున్నాడు. 1966లో అదే డెసిలూ నుండి 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' వచ్చాయి. 1967లో లూసిల్ సంస్థను గల్ఫ్ అండ్ వెస్టర్న్‌కు 1 కోటి 70 లక్షల డాలర్లకు విక్రయించింది. ఇక నెగటివుల సంగతి: 2012లో వెలువడిన వార్తల ప్రకారం కూడా వాటి మీద సి.బి.ఎస్.కు ఏటా 2 కోట్ల డాలర్ల వరకు రాబడి ఉండేది. అమ్మకుండా ఉండవలసిందని ఈ రోజున అనడం తేలిక. ఆ సొమ్ము లేనిదే ఆర్.కె.ఓ. లేదు, ఆర్.కె.ఓ. లేనిదే తరువాతివి లేవు. నేనే అతడి స్థానంలో ఉంటే అమ్మేవాడినేమో. కానీ మొదట ఆ షరతు పెట్టే ధైర్యం చేసి ఉండేవాడిని కాదు.

ఆర్నాజ్ తరువాత గుర్రాలు పెంచాడు, 1967లో మరొక హాస్య ధారావాహిక నిర్మించాడు, 1976లో ఆత్మకథ ప్రచురించాడు. 1986 డిసెంబరు 2న ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. అయిదు రోజుల తరువాత వాషింగ్టన్‌లోని కెన్నెడీ కేంద్రంలో లూసిల్ బాల్‌కు జాతీయ గౌరవం జరిగింది. అతడు ముందుగానే రాసిపెట్టిన వాక్యాలను డెసిలూ నిర్మించిన 'ది అన్‌టచబుల్స్' కథానాయకుడు రాబర్ట్ స్టాక్ ఆ సభలో చదివి వినిపించాడు. విజయంలో అధిక భాగం ఆమెదేనని అందులో ఉన్నది. ఆమె ఏడ్చింది.

కైనెస్కోపు పనిచేసే తీరు ఈసారి రెండు వాక్యాలలో ముగించాను. బొమ్మ గీసి వివరించమని కోరేవారు సంపాదకవర్గానికి ఒక చీటీ రాస్తే వచ్చే సంచికలో తప్పక రాస్తాను.