రోగి అడిగిన ప్రశ్న

రోగి మంచము వద్దను, ప్రయోగశాలలోను సమానంగా పనిచేయదలచిన యువవైద్యునికి శిక్షణకాలం దీర్ఘం, తీరిక స్వల్పం. అట్టివాడు సామాన్య పాఠకులకోసం కలం కూడా పట్టవలెనా అన్న సందేహం సహజమే. డాక్టర్ సిద్ధార్థ ముఖర్జీ జీవితంలోని ఒక ఘట్టం ఈ సందేహాన్ని తీరుస్తుంది.

1970లో ఢిల్లీలో జన్మించిన ముఖర్జీ ఆక్స్‌ఫర్డులో రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేసి, హార్వర్డులో వైద్యవిద్య ముగించి, 2003లో బోస్టన్ నగరంలో కాన్సరు వైద్యంలో ఉన్నత శిక్షణకు చేరారు. అక్కడ చికిత్స పొందుతున్న ఒక స్త్రీ, తాను పోరాడుటకు సిద్ధమేననీ, అయితే దేనితో పోరాడుతున్నదో తనకు తెలియవలెననీ ఆయనతో అన్నది. ఆమెకు చెప్పదగిన సమాధానం ఆయనకు తోచలేదు. దానిని వెదుకుతూ వ్రాసిన కాన్సరు చరిత్ర 2010లో వెలువడి, మరుసటి ఏట పులిట్జర్ బహుమతి పొందింది.

ఆ గ్రంథంలో తెలుగువాడొకడున్నాడు. ఆయన 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో పరిశోధకుడైన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే ఔషధాలు ఆయన నాయకత్వాన తయారైనవి. వానిలో ఒకదానిని సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకాన్సరు సోకిన పిల్లలకిచ్చి, పదునారుగురిలో పదిమందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ గుణం నిలువలేదు; కాని మందుకు ఈ వ్యాధి లొంగగలదని లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తనను గూర్చి చెప్పుకొనుట ఆయన స్వభావం కాదు.

ఆత్మస్తుతి చేసుకొనకుండుట వినయమే. కాని శాస్త్రాన్ని ప్రజలకు చెప్పకుండుట వినయం కాజాలదు. మన వైద్యులు ఇంగ్లీషులో చదువుకొంటారు. రోగి తెలుగులో ప్రశ్నిస్తాడు. 'రాచపుండు' అన్న మన పాత మాట భయాన్ని స్ఫురింపజేయగలదు గాని, దేహంలోని కణం అదుపు తప్పి పెరుగుటను తెలుపజాలదు. తెలియనిచోట భయం నిలుస్తుంది. భయపడిన మనిషి వ్యాధి ముదిరిన పిమ్మట గాని ఆసుపత్రి గడప తొక్కడు.

కనుక, పరిశోధనాభిలాష గల తెలుగు వైద్యవిద్యార్థి తన పనిని తన తల్లికి అర్థమగునట్లు తెలుగులో వ్రాయుట శిక్షణలో భాగంగా భావించవలె. అతనికి సరళమైన, సరియైన మాటలు అందించుట భాషోపాధ్యాయుల విధి. బోస్టన్‌లో ఆ స్త్రీ అడిగిన ప్రశ్ననే మన ఊళ్లలోనూ రోగులు అడుగుతున్నారు. వారికి వారి భాషలోనే సమాధానం అందవలె.