కుందేలా? గొర్రెనా? పందా?



పొలంలో ఒక మడికి నీళ్ళు చాలనుకుంటే మడవ కట్టేస్తాం. రక్తనాళాన్ని మూసి చేసే చికిత్స కూడా అలాంటిదే. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే నాళంలోకి ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. రక్తం అందక గడ్డ కుంచించుకుపోతుంది. కాలేయ క్యాన్సరుకు, ఆగని రక్తస్రావానికి, గర్భసంచిలోని ఫైబ్రాయిడ్ గడ్డలకు ఈ పద్ధతి వాడుతున్నారు. ఫైబ్రాయిడ్లకు ఇది పనిచేస్తుందని ఫ్రాన్సు వైద్యులు 1995లో ప్రకటించారు.

పూస మరీ సన్ననిదైతే పోకూడని చోటికి పోతుంది. మరీ పెద్దదైతే మొదట్లోనే ఆగిపోతుంది. అందుకే ముందుగా జంతువులలో పరీక్షిస్తారు. అయితే ఏ జంతువులో?

మన కాలేయానికి దాదాపు 75 శాతం రక్తం పోర్టల్ సిర నుండి వస్తుంది. క్యాన్సరు గడ్డ మాత్రం ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది. కుందేలు కాలేయంలో పెంచే వి.ఎక్స్.2 అనే గడ్డదీ అదే తీరు. అందుకే ఈ పరిశోధనలో కుందేలును వాడతారు. కాని మనుషులలో ఈ క్యాన్సరు తరచుగా ముందే సిర్రోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో వస్తుంది. ఆ కుందేలుకు సిర్రోసిస్ ఉండదు. పంది నాళాలు కొలతలో మన నాళాలకు దగ్గర, కాని మామూలు పందికి ఆ గడ్డ ఉండదు. గర్భసంచి కోసం పూసల సైజులను గొర్రెలలో పోల్చి చూశారు. వాటికీ ఫైబ్రాయిడ్లు లేవు. అన్నిటికీ సరిపోయే జంతువు ఒక్కటీ లేదు.

నా అభిప్రాయం ఇది: చవకగా దొరికిందని కాక, తెలుసుకోవలసిన సంగతిని బట్టి జంతువును ఎన్నుకోవాలి. కోడిని, మేకను కోసుకు తినే మనకు ఈ పట్టింపు ఎందుకని కొందరంటారు. ఆకలికి కోయడం వేరు, జవాబు చెప్పలేని ప్రయోగానికి చంపడం వేరు. తప్పుగా ఎన్నుకుంటే మూగజీవి ప్రాణం వృథా, రోగికి దక్కేది ఉత్త ఆశ.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఇటువంటి ప్రయోగాలకు నైతిక సంఘం అనుమతి కావాలి. జంతువులు లేని పరీక్షా పద్ధతులకు కూడా 2023లో కొత్త మందుల నిబంధనలు చోటిచ్చాయి. మంచిదే. వీలున్నచోట అవే ముందు రావాలి.

ఇదంతా మనకెందుకు? గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు నుండి వచ్చే అక్కచెల్లెళ్ళకు వేరే దారి కూడా ఉందని తెలియాలి. ఆ దారి ఎంతవరకు రుజువైందో కూడా తెలియాలి. కాబట్టి ఎవరైనా కొత్త చికిత్స చెబితే సిగ్గుపడకుండా అడగండి: "డాక్టరు గారూ, ఇది మనుషులలో రుజువైందా, ఇంకా జంతువుల దగ్గరే ఉందా?"