దేవుళ్లు వేరైనా గాలి ఒకటే

2021 ఏప్రిల్ 14. రెండో వేవ్ దేశాన్ని ముంచేస్తున్న రోజులు. ఆ రోజు బాబాసాహెబ్ జయంతి. ఊరేగింపులు వద్దు, నిరాడంబరంగా జరుపుకోండని మహారాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అదే రోజు హరిద్వార్‌లో కుంభమేళా షాహీ స్నానం. లక్షల మంది ఘాట్ల మీద ఒకరినొకరు రాసుకుంటూ గంగలో మునిగారు. మూడు రోజుల తర్వాత ప్రధాని నోరు విప్పారు. ఇక మేళాను ప్రతీకాత్మకంగా జరపండని కోరారు. అది ఆదేశం కాదు, విజ్ఞప్తి.

2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ విషయంలో విజ్ఞప్తులు లేవు. కేసులు పెట్టారు, ఒక మతం మొత్తానికీ రోగం అంటగట్టారు. వాళ్లను బలిపశువులను చేశారని ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తేల్చి, విదేశీ తబ్లీగీలపై ఎఫ్ఐఆర్‌లు కొట్టేసింది. మహమ్మారి వేళ మూసిన భవనంలో అంతమంది ఉండటం ప్రమాదమే. ఆ మాట అనడానికి మనం వెనుకాడక్కర్లేదు. కానీ మర్కజ్‌కు లాఠీ, కుంభమేళాకు దండం అయితే దాన్ని ప్రజారోగ్యం అనరు, మనువాదం అంటారు.

రాజ్యాంగంలో దీనికి సమాధానం ఉంది. మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణ మొదలయ్యేదే షరతుతో: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం. వాటికి లోబడే ఆరాధన. ఏ మతానికీ మినహాయింపు రాయలేదు.

అలాగని ప్రార్థనా స్థలాలన్నిటికీ తాళం వేయడమే దారి కాదు. జాగ్రత్తగా తెరవడం సాధ్యమే. 2020 జూన్‌లో పూరీ రథయాత్రకు సుప్రీంకోర్టు ఏ షరతులు పెట్టింది? ఊళ్లో కర్ఫ్యూ, రథానికి 500 మందికి మించకూడదు, వాళ్లందరికీ పరీక్షలు, రథానికీ రథానికీ గంట ఎడం. అంటే ఎలా చేయాలో రాజ్యానికి తెలుసు. హరిద్వార్‌లో కొరవడింది తెలివి కాదు, సంకల్పం.

వైరస్‌కు కావలసింది మూసిన గది, నిలిచిన గాలి, గట్టిగా వినిపించే గొంతులు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో ఒకరికి జబ్బు లక్షణాలున్నాయి. ఆ తర్వాత మరో 52 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. మన ఆరోగ్య శాఖ కూడా 2020 జూన్ 4 మార్గదర్శకాల్లో బృందగానం వద్దంది, విగ్రహాలనూ గ్రంథాలనూ తాకవద్దంది, ప్రసాదం పంచవద్దంది.

కాబట్టి దళితవాడలోని రేకుల చర్చి అయినా, మసీదు అయినా, బుద్ధ విహారమైనా, గుడి అయినా నియమం ఒకటే. వీలైతే ఆరుబయట, లేదా కిటికీలు బార్లా తెరిచి. తక్కువమంది, తక్కువసేపు. ముఖానికి మాస్కు. జ్వరమొస్తే ఇంట్లోనే. దూరం పాటించాల్సింది శరీరాల మధ్య. మనుషుల మధ్య ‘సామాజిక దూరం’ ఈ దేశంలో ఇప్పటికే చాలినంత ఉంది.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. భక్తులు వెళ్లిపోయాక ఆ ఘాట్లను, ఆ క్యూలైన్లను, ఆ మరుగుదొడ్లను ఊడ్చి కడిగేది ఎవరు? ఎక్కువగా మన కులాల వాళ్లే, అదీ కాంట్రాక్టు జీతాల మీద. వాళ్లకు మాస్కు, గ్లోవ్స్, టీకా, జబ్బుపడితే జీతంతో సెలవు ఇవ్వలేని ఏ ఉత్సవానికీ అనుమతి ఇవ్వకూడదు. ‘సురక్షిత ఆరాధన’కు మొదటి కొలబద్ద పూజారి కాదు, పారిశుద్ధ్య కార్మికురాలు.

మనల్నీ ఇదే కొలతతో కొలుచుకోవాలి. 2020 ఆగస్టు 31న పండరిపురం గుడి తెరవాలని ప్రకాశ్ అంబేడ్కర్ నాయకత్వంలో జనం గుమిగూడారు. తెరవమని అడగడం తప్పు కాదు, కానీ మహమ్మారి మధ్యలో గుంపుగా వెళ్లి అడగడం తప్పే. అదే ఏడాది అక్టోబరులో నాగపూర్ దీక్షాభూమి వేడుక ఆగింది. డిసెంబరు 6న లక్షల మంది చైత్యభూమికి రాకుండా ఇంటి నుంచే బాబాసాహెబ్‌కు నివాళులర్పించారు. వాళ్ల భక్తి తరిగిపోలేదు.

సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగుతో 1897 మార్చి 10న కన్నుమూశారు. మన వారసత్వం అది. తోటి మనిషి ఊపిరి కాపాడటమే మన ఆరాధన. ఆ ఊపిరిని లెక్కచేయని పూజ ఎవరిదైనా సరే, దానికి తలవంచేది లేదు.