మర్యాద పైకేనా, కిందికి లేదా?

ఈమధ్య మర్యాద గురించి ఎవరు మాట్లాడినా రెండే మాటలు. ఒకటి, "ఈ కాలం పిల్లలకు మర్యాద లేదు." రెండోది, "మా కాలంలో ఎంత బాగుండేదో!" రెండూ నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

పిల్లలకు మర్యాద వచ్చు. ప్లీజ్, సారీ, థాంక్యూ బడిలోనే నేర్పుతున్నారు. టీచరమ్మను "మేడం" అంటారు, అమెరికా నుంచి వచ్చిన బాబాయిని "మీరు" అంటారు. అదే పిల్లవాడు పొద్దున చెత్తబండి రాగానే అరవై ఏళ్ల ఆమెను "ఏయ్, ఇది తీస్కపో" అంటాడు. పక్కనున్న తల్లి ఏమీ అనదు, తనూ అట్లనే అంటుంది కాబట్టి. ఎవరికి మర్యాద ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అనే లెక్క వాడు మన ఇంట్లోనే నేర్చుకున్నాడు.

ఇక పాతకాలం సంగతి. థాంక్యూకు బదులు మనకు వరసలుండేవి, నిజమే. అక్కా, చిన్నమ్మా, తాతా అనే పిలుపులోనే గౌరవం ఉండేది. కానీ ఆ వరసలు అందరికీ దక్కాయా? నిజాం కాలంలో మన నల్లగొండ పల్లెల్లో గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నది మన ముందుతరాల వాళ్లే. గడీలోని పసివాడు పండుముసలిని "ఒరేయ్" అనేవాడు. దాన్నీ మర్యాదే అన్నారు! 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాత సంఘం ఊరూరికీ పాకింది. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో జనం భూమి కోసం, వెట్టి పోవాలని కొట్లాడారు. తలెత్తి మాట్లాడటమూ అప్పుడే నేర్చుకున్నారు.

ఆ పోరాటంలో నిలబడ్డ ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. మనలో ఎంతమందికి తెలుసు? "చాకలి ఐలమ్మ" అని ఆమెవాళ్లు గర్వంగా చెప్పుకుంటే అది వేరు. పదేళ్లుగా మన బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆయన పేరైనా అడగకుండా "చాకలోడు" అనడం వేరు.

"మన తెలంగాణలో నువ్వు అంటే ప్రేమ, అమ్మను కూడా నువ్వే అంటాం కదా" అని కొందరు వాదిస్తారు. సరే, ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా మిమ్మల్ని నువ్వు అంటుందా? అంటే అది ప్రేమే. మీరు నువ్వు అని, ఆమె "అమ్మా, మీరు" అంటుంటే మాత్రం అది గడీయే, కాకపోతే డాబా కట్టుకుంది. ఆమె కోసం కిటికీలో విడిగా పెట్టిన చాయ్ గ్లాసు కూడా అదే చెబుతుంది.

ఈ బాధ ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. ఆయన "ఏమే" అంటాడు, మనం "ఏమండీ" అంటాం. ఆ తేడా ఎక్కడ గుచ్చుకుంటుందో మనకు తెలుసు. తెలిసినవాళ్లమే మనకంటే కిందున్నారనుకునే వాళ్లతో అట్లనే మాట్లాడితే, ఇక మగవాళ్లను ఏ మొహంతో అడుగుతాం?

పిల్లలకు థాంక్యూ నేర్పండి, తప్పు లేదు. దాంతోపాటు చెత్తబండి ఆమె పేరు, ఆమెను పిలవాల్సిన వరస కూడా నేర్పండి. చాయ్ మాత్రం మీరు తాగే గ్లాసులోనే పోయండి.