ఇక ప్రయోగం కాదు

2022 మే 30న బీదర్ వాయుసేన కేంద్రం నుంచి లేచిన హాక్-132 శిక్షణ విమానాల్లో తండ్రీ కూతురూ ఉన్నారు: ఎయిర్ కమడోర్ సంజయ్ శర్మ, ఫ్లయింగ్ ఆఫీసర్ అనన్యా శర్మ. మన వాయుసేనలో తండ్రీకూతుళ్లు ఒకే ఫార్మేషన్‌లో ఎగరడం అదే మొదలు. వాళ్లిద్దరి ఫొటో దేశమంతా చూసి మురిసింది. నాకు మాత్రం అంతకు నాలుగు నెలల ముందు వెలువడిన నిర్ణయమే పెద్ద కబురు. యుద్ధ విమానాలకు ఆడవాళ్లను ‘ప్రయోగాత్మకంగా’ తీసుకునే పద్ధతిని రక్షణ శాఖ ఆ ఫిబ్రవరిలో శాశ్వతం చేసింది.

ఆ ప్రయోగంలో తొలి ముగ్గురూ రాటుదేలింది బీదర్‌లోనే. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ హైదరాబాద్ పక్కన హకీంపేటలో కిరణ్ విమానాలు నడిపారు. 2016 జూన్ 18న దుండిగల్‌లో అధికారులయ్యారు. ఆపై హాక్‌ల కోసం బీదర్ చేరారు. 2018 ఫిబ్రవరిలో అవని జామ్‌నగర్‌లో మిగ్-21 బైసన్ యుద్ధ విమానాన్ని ఒంటరిగా ఎగరేశారు. ఏడాది తిరిగాక భావన పగటిపూట యుద్ధ విధులకు అర్హత సాధించారు.

నిజానికి 1990లలోనే ఆడవాళ్లు వాయుసేన పైలట్లయ్యారు, హెలికాప్టర్లు, రవాణా విమానాల వరకు. అక్కడ ఆపేశారు. శత్రువు చేతికి చిక్కితే ఎలా? కాన్పు వస్తే శిక్షణ ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ నేర్పు గురించి కాదు. పట్టుబడే ముప్పు మగ పైలట్‌కూ ఉంది. కాన్పు సంగతి సెలవులు, డ్యూటీలు సర్దితే తేలిపోయేది. దానికి ఇరవై ఏళ్లకు పైగా తలుపు మూసి ఉంచారు.

అమెరికాలో ఆ తలుపు 1993లో తెరుచుకుంది. ఆరేళ్లకు షానా కింబ్రెల్ పైలట్ రెక్కలు అందుకుని ఎఫ్-16 నడిపారు. అమెరికా వాయుసేన యుద్ధ విమానాల్లో తొలి నల్లజాతి మహిళ ఆవిడే. ఆడది అన్న అడ్డూ, రంగు అన్న అడ్డూ కలిసి నిలిచిన చోట దారి చేసుకున్నారు.

నల్లజాతి యోధులు బీదర్‌కు కొత్త కాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు ఒకప్పుడు ఇక్కడ ఏలిన బహమనీ సుల్తానుల కొలువులో అమీర్లు, సేనానులు అయ్యారు. బానిసలుగా వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఊరి పక్క గుట్ట మీది హబ్షీ కోట్‌లో ఆ ప్రముఖుల సమాధులున్నాయి. ఆ ఊరి మీదే ఇప్పుడు హాక్‌లు తిరుగుతున్నాయి.

ఆ హాక్‌ల మీద రాటుదేలిన తొలి ముగ్గురిలో మోహనా సింగ్ 2024లో తేజస్ స్క్వాడ్రన్‌లో చేరారు. స్వదేశీ యుద్ధ విమానం తేజస్‌ను నడిపే స్క్వాడ్రన్‌లో తొలి మహిళా పైలట్ ఆమె.