అశ్వశక్తియు నీటి చల్లదనమును

మోటారుకారుల అశ్వశక్తిని గూర్చి ముచ్చటించుట నేటి విద్యార్థులకు మిక్కిలి ప్రీతి. ఏ కారునకు ఎంత శక్తి గలదో, ఏది యెన్ని సెకనులలో నూరు కిలోమీటర్ల వేగము నందుకొనునో వారు ఎక్కముల కంటె చక్కగా అప్పగింతురు. పెద్దలకు ఇది వ్యర్థప్రసంగముగా దోచును. చదువుకొనుమన్న కారులను గూర్చి కలలు కనుచున్నాడని తలిదండ్రులు వాపోవుదురు. నా యభిప్రాయము వేఱు. గొప్ప శక్తి గల కారును స్వహస్తములతో నిర్మింపవలెనను కోరిక నిందింపదగినది కాదు. అయితే ఆ కోరిక గలవాడు మొదట నేర్చుకొనవలసినది వేగమును గూర్చి గాదు, వేడిని గూర్చి. ఈ మాట యువకులకు అంతగా రుచింపదని యెఱుగుదును, అయినను చెప్పెదను.

ఇంజనులో శక్తి పుట్టుటకు ఇంధన మొకటియే చాలదు; దానిని మండించుటకు గాలియు వలయును. కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత పోసినను తిత్తి యూదనిచో ఇనుము ఎఱ్ఱబడదు గదా. ఇంజనుకు తిత్తి వంటిది టర్బో. గొట్టము గుండ వృథాగా పోవు వేడి పొగ యొక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసు రెండవ కొసకు అమర్చిన వేఱొక చక్రము బయటి గాలిని అదిమి సిలిండరులలోనికి నెట్టును. ఆ యిరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగుట సామాన్యము. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి యీ యుపాయమునకు 1905వ సంవత్సరమున పేటెంటు పొందెను. పాఱవేయుదానితోనే పని చేయించుకొను నేర్పు గనుక ఇది నాకు మిక్కిలి యిష్టమైన యంత్రము.

అయితే గాలిని అదిమినప్పుడు అది వేడెక్కును. సైకిలు చక్రమునకు గాలి కొట్టిన బాలు రందఱును పంపు అడుగున చేయి పెట్టి యీ సంగతి నెఱిగియే యుందురు. మన కోహెడలో మే నెలయందు 42 డిగ్రీల యెండ కాయు దినమున బయటి గాలిని టర్బో రెండింతల యొత్తిడికి అదిమినచో, లెక్క ప్రకారము అది సుమారు 140 డిగ్రీలకు చేరును. నీరు 100 డిగ్రీలకే మరుగును. వేడెక్కిన గాలి పలుచబడును గనుక సిలిండరులో పట్టవలసినంత పట్టదు. ఇది యొక నష్టము. అంతకంటె పెద్ద ప్రమాదము వేఱొకటి కలదు. ప్లగ్గు నిప్పురవ్వ విడిచిన పిమ్మట క్రమముగా మండవలసిన పెట్రోలు, గాలి మితిమీఱి వేడిగా నున్నచో తనంతట తానే యొక్క పెట్టున భగ్గుమనును. సుత్తితో కొట్టినట్టి చప్పుడు వినవచ్చును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. ఇది కొంతసేపు సాగెనా, పిస్టను తలకు చిల్లి పడును, రింగులు విఱుగును, కూడబెట్టిన రూపాయలన్నియు తుక్కు దుకాణమునకు చేరును.

కావున ఆ గాలిని సిలిండరు చేరకముందే చల్లార్చవలెను. చల్లార్చు సాధనమునకు ఇంటర్‌కూలరని పేరు. కరీంనగరము గ్రానైటు రాళ్లను మోయు లారీలకు అది రేడియేటరు ముందర పలుచని పెట్టెవలె నుండును; ఎదురుగాలియే దానిని చల్లబఱచును. ఇది చవుకైనది, మొరాయింపనిది. రెండవ పద్ధతిలో గాలి వేడిని నీరు గ్రహించును. సమాన పరిమాణము గల గాలి కంటె నీరు మూడువేల రెట్లకు పైగా వేడిని పట్టగలదు. అందుచే నీటి ఇంటర్‌కూలరు చిన్నదిగా నుండి ఇంజను ప్రక్కనే యిముడును, పొడవైన గొట్టములు వలసిన పని లేదు. యూరపు ఖండపు కంపెనీ వారు చేసి మన దేశమున అమ్ముచున్న టైగున్, కుషాక్ అను కారులలోని ఒక లీటరు ఇంజనుకు ఈ యేర్పాటే కలదు. ఆ చిన్న యింజను 115 అశ్వశక్తులనిచ్చును.

ఇచ్చటనే యువకులు తొందరపడుదురు. నీరు వేడిని మ్రింగివేయునని వారి భ్రమ. నీరు వేడిని అప్పుగా పుచ్చుకొనునే గాని మాయము చేయదు. ఒక లెక్క చూడుడు. 400 అశ్వశక్తుల పెట్రోలు ఇంజను నిండుశక్తితో పని చేయునపుడు నిమిషమునకు సుమారు 18 కిలోగ్రాముల గాలిని పీల్చును. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల యెత్తు గల గదిలోని గాలి యంతయు ఒక్క నిమిషములో హరించునన్న మాట! ఆ గాలిని 140 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు దింపవలెనన్న, నీళ్లు కాచుకొను వేయివాట్ల కడ్డీలు 24 ఒక్కసారి ఇచ్చునంత వేడిని తీసివేయవలయును. తొట్టిలో పది లీటర్ల నీరు మాత్రమే యున్నచో పది సెకనులలో దాని వేడి ఆఱు డిగ్రీలు పెరుగును. ఇది బాధ లేదు. ఒక నిమిషము నిండునప్పటికి 34 డిగ్రీలు పెరుగును. అటుపిమ్మట అది ఇంటర్‌కూలరు గాదు, వేడినీళ్ల కాగు. కావున నీటి పద్ధతికి కారు ముందుభాగమున వేఱొక రేడియేటరు, ఎడతెగక నీటిని త్రిప్పు వేఱొక పంపు తప్పవు. ఇంజనును చల్లార్చు నీటినే దీనికిని వాడుకొందమన్న కుదరదు. ఆ నీరు అప్పటికే 90 డిగ్రీల వేడిలో నుండును. మఱియు బయటి గాలియే 42 డిగ్రీలున్న దినమున, మంచుగడ్డలు వేసిననే గాని, తొట్టి నీరు అంతకంటె చల్లబడ నేరదు. చలిదేశముల వారు వ్రాసి పెట్టిన అంకెలు మన మే నెలకు చెల్లవు.

ఈ చల్లదనపు పనిని ఉపేక్షించినవారికి ఏమి జరిగెనో చరిత్రలో చూడవచ్చును. 1962లో అమెరికా దేశమున ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ జెట్‌ఫైర్ అను టర్బో కారును అమ్మకమునకు పెట్టెను. మూడున్నర లీటర్ల యింజనుకు 215 అశ్వశక్తులు. నాకింగు రాకుండుటకై శుద్ధజలమును మిథనాలును కలిపిన ద్రవమును గాలిలో చిమ్ము నేర్పాటు అందుండెను. కొన్నవారు పెట్రోలు పోయుట మఱువలేదు గాని ఆ సీసా నింపుట మఱచిరి. ద్రవము లేనిచో శక్తి తగ్గిపోవునట్లు కంపెనీవారు ముందుగానే యేర్పఱచి యుండిరి. కొన్నవారికి అది లోపముగా తోచెను. రెండేండ్లలో ఆ కారు నిలిచిపోయెను. దీనికి భిన్నముగా, 1942లో యుద్ధములోనికి వచ్చిన స్పిట్‌ఫైరు తొమ్మిదవ రకపు విమానములో రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ ఇంజనుకు ద్రవముతో చల్లార్చు ఇంటర్‌కూలరు కూర్చిరి. అది టర్బో కాదు, ఇంజను తానే పండ్లచక్రములతో త్రిప్పుకొను గాలియంత్రము. అయినను గాలి అదిమిన వేడి వేడియే గదా. ఇక 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ కారునకు నాలుగు టర్బోలు, 1001 అశ్వశక్తులు. దానికి రేడియేటరులు పది! మన బాలురు వేయి అశ్వశక్తులను జ్ఞాపకముంచుకొందురు గాని పది రేడియేటరులను జ్ఞాపకముంచుకొనరు.

నీటితో యంత్రమును చల్లార్చుట మన మెట్టసీమకు క్రొత్త విద్య గాదు. బావులకు కరెంటు మోటారులు రాకమునుపు ఆయిలింజనులు నడచిన దినములను మన తాతలు ఎఱుగుదురు. పంపు తోడిన నీటిలో కొంత సన్నని గొట్టము గుండ సిలిండరు చుట్టు పాఱి, వెచ్చనై కాలువలో పడెడిది. బావి యడుగంటి నీరు తెగినచో రైతు పరుగున వచ్చి ఇంజను నాపెడివాడు. నీరు లేని యింజను పట్టుకొని పోవునని ఆయనకు తెలియును. ఐదు అశ్వశక్తుల యింజను కడ ఆ రైతుకున్న జాగ్రత్త నాలుగు వందల అశ్వశక్తులను కోరువానికి ఎంత యుండవలెను?

ఎట్టి కారైనను చేసి రోడ్డెక్కింతుమనుట మఱియొక పొరపాటు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్టరైన బండిని కంపెనీవారి వివరములకు విరుద్ధముగా మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును ఇదే తీర్పునిచ్చిరి. సిద్దిపేట నుండి కరీంనగరునకు పోవు రహదారి పందెపు బాట గాదు. దానిమీద పశువులు దాటును, బడిపిల్లలు దాటుదురు. అట్టి కారునకు తగిన చోటు చెన్నపట్టణము దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలోని పందెపు బాట వంటిదే. కళాశాల విద్యార్థులు తామే కారులను నిర్మించి తెచ్చు ఫార్ములా స్టూడెంట్ పోటీలలో ఇంజను 710 ఘనసెంటీమీటర్లు మించరాదు. పెట్రోలు ఇంజనుకు పోవు గాలి యంతయు 20 మిల్లీమీటర్ల రంధ్రము గుండనే పోవలెను. ఎక్కువ శక్తిని పుట్టించుట కంటె, కొలిచి యిచ్చిన గాలితో ఎక్కువ పని చేయించుట గొప్ప పరీక్ష యని నా తలంపు.

ఇప్పుడు విద్యుత్తు కారులు వచ్చుచుండగా టర్బోల ముచ్చట యేల యని కొందఱడుగుదురు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరము చెంత విద్యుత్తు కారుల పందెము జరిగిన మాట నిజమే. కాని ఆ కారుల బ్యాటరీలును వేడెక్కును; వానిని చల్లార్చుటకును ద్రవమును త్రిప్పవలసినదే. పిస్టను పోయినను రేడియేటరు పోలేదు.

తలిదండ్రులకు నా మనవి యిది. కుమారుడు గాని కుమార్తె గాని కారు చేయుదుననిన కోపింపకుడు; టర్బో కొనుటకు డబ్బు మాత్రము ఇయ్యకుడు. పాఠశాలవారు తుక్కు దుకాణము నుండి పాత ఇంటర్‌కూలరు నొకదానిని, చిన్న నీటిపంపును, రెండు ఉష్ణమాపకములను, వేడిగాలి నూదు యంత్రము నొకదానిని తెప్పించినచో చాలును. గాలి లోనికి పోవుచోట నొక మాపకము, వెలికి వచ్చుచోట నొకటి పెట్టి, తొట్టిలో పది లీటర్ల నీరు పోసి, నిమిషమున కొకసారి అంకెలు వ్రాయింపుడు. డిసెంబరులో నొకసారి, ఏప్రిలులో సెలవులకు ముందు మఱియొకసారి చేయింపుడు. ఆ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విద్యార్థిని, అప్పుడు 400 అశ్వశక్తుల కారునకు రేడియేటరు ఎంత పెద్దది కావలెనో అడుగుడు.