కుమారునకు కారు తాళపుచెవి ఇచ్చుట యెట్లు?

ఇప్పుడు మన గ్రామములలో పెక్కుమంది రైతుల యిండ్లముందు పశువులశాల ప్రక్కనే కారుకూడ నిలిచియుండుట చూచుచున్నాము. పంట బాగుగా పండిన యేటనో, చేపల చెరువు కలిసివచ్చిన యేటనో, పట్టణమున నుద్యోగము చేయు పెద్దవాడు సొమ్ము పంపగానో అది వచ్చినది. ఆసుపత్రికి, విత్తనముల కొట్టునకు, బ్యాంకునకు, పెండ్లిండ్లకు ఉపయోగపడుచున్నది. ఇంతవరకు సంతోషమే. కాని ఆ యింటి పిల్లవానికి 18 ఏండ్లు నిండి, లైసెన్సు కార్డు చేతికి వచ్చిన నాటినుండి యొక క్రొత్త ప్రశ్న పుట్టుచున్నది. "నాన్నా, కారు నేను తీసికొని పోదునా?" అని వాడడుగును. తల్లి వలదనును. తాత "మగపిల్లవాడు, పోనిమ్ము" అనును. తండ్రి యేమియు తోచక తాళపుచెవి చేతికిచ్చివేయును. లేదా కసరి పంపివేయును. ఈ రెండు మార్గములును సరియైనవి కావని మా యభిప్రాయము. వ్యవసాయ ప్రదర్శనపు పనిమీద ఊరూర తిరుగు మాకు ఈ విషయము తరచుగా తటస్థించుచున్నది గావున సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మొదట చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండనివాడు బహిరంగ స్థలమున కారు నడుపరాదు. నిండినవెంటనే దొరకునది అభ్యాసకుని లైసెన్సు మాత్రమే. దాని గడువు ఆరు నెలలు. ఆ కాలమున బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షర ముండవలెను. లైసెన్సుగల బోధకుడు ప్రక్కనే కూర్చుండవలెను. కనీసము 30 దినములు గడచిన పిదపనే అసలు లైసెన్సు పరీక్షకు పోవచ్చును. 2019లో ఈ చట్టమును సవరించిరి. బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రినిగాని, సంరక్షకునిగాని, బండి యజమానినిగాని దోషిగా నెంచి, మూడేండ్లవరకు జైలుశిక్షయు 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. తనకు తెలియకుండ జరిగినదని రుజువు చేయగలిగిన తండ్రి తప్పించుకొనవచ్చును. కాని తాళపుచెవిని తానే చేతికిచ్చినవాడు ఆ మాట యెట్లు చెప్పగలడు? కావున లైసెన్సు రానివానికి కారిచ్చుటనుగూర్చి చర్చయే లేదు. మేము వ్రాయుచున్నది లైసెన్సు వచ్చినవానినిగూర్చి.

"సర్కారువారే పరీక్షించి కార్డు ఇచ్చిరి, ఇక మన మడ్డుపెట్టు టేల?" అని కొందరనుచున్నారు. ఆ పరీక్షలో చూచున దేమి? పగటివేళ, హద్దులు గీచిన స్థలమున, ఎదురుగా నెవరును రాకుండ, ఎనిమిది అంకెవలె త్రిప్పుట, వెనుకకు నడిపి నిలుపుట, ఎత్తున ఆపి మరల కదలించుట మొదలగునవి. ఇవి చేతులకును కాళ్లకును సంబంధించిన విద్యలు. తెలివిగల కుఱ్ఱవానికి ఒక నెలలో పట్టుపడును. కాని దారిపై బ్రదికించునది కంటికి రావలసిన విద్య. ముందు పోవు మోటారుసైకిలువాడు చెయ్యి చూపకయే కుడికి తిరుగునేమో, గట్టుపైనున్న గేదె తన దూడకొఱకు దారికడ్డముగా వచ్చునేమో, నిలిచియున్న బస్సు చాటునుండి బడిపిల్ల పరుగెత్తునేమో యని ముందుగా శంకించుటయే ఆ విద్య. క్రొత్తవాని చూపు బండి మూతికి దగ్గరగానే యుండును. అనుభవజ్ఞుని చూపు దూరముగ పోయి, ప్రక్కలకు పోయి, అద్దములోనికి పోయి మరల వచ్చుచుండును. ఈ విద్య నెలలో రాదు. అనేక దినములు, అనేక విధములైన దారులలో, నెమ్మదిగా నడుపగా నడుపగా వచ్చును. లైసెన్సు అనునది ఆ చదువు ముగిసిన దనుటకు గుర్తు కాదు. ఇక మొదలుపెట్టవచ్చు ననుటకు గుర్తు.

మన రైతులలో మఱియొక మాట వినవచ్చుచున్నది. "మావాడు పదేండ్లనాడే చేనిలో ట్రాక్టరు త్రోలినాడు, వానికి కారొక లెక్కా?" అందురు. ఇదియే మిక్కిలి ప్రమాదకరమైన తలంపు. చేనిలో ట్రాక్టరునకు ఎదురుగా మఱియొక ట్రాక్టరు రాదు. వెనుకనుండి లారీ హారను మ్రోగింపదు. వేగము మనిషి నడకకు కొంచెము మించియుండును. గట్టు వచ్చినచో త్రిప్పుకొనుటయే పని. అక్కడ పిల్లవానికి వచ్చినది గేరు వేయు నేర్పు. దానితోపాటు "నాకంతయు వచ్చు" నను ధీమాకూడ వచ్చినది. ఏమియు రానివాడు భయముచే నెమ్మదిగా పోవును. సగము వచ్చినవాడు ధీమాచే వేగముగా పోవును.

వేగమునుగూర్చి కొంచెము లెక్క వేసి చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో 22 మీటర్లు ముందుకు పోవును. ఎదుట నేదియో కనబడి, అది యపాయమని మనస్సునకు తోచి, కాలు బ్రేకుపై పడుటకు ఒకటిన్నర సెకను పట్టిన దనుకొన్నను, బ్రేకు తగులకముందే బండి 33 మీటర్లు పోయియుండును. ఆ తరువాత నిలుచుటకు కావలసిన దూరము వేరు. వేగము రెండింతలైనచో ఈ దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. 40 లో నిలువగలిగిన చోట 80 లో నిలువజాలము. 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారి నివేదిక తెలుపుచున్నది. ఈ మరణములలో నూటికి 70కి పైగా అధికవేగము కారణముగా వ్రాయబడినవి. మృతులలో మూడింట రెండువంతులవారు 18 మొదలు 45 ఏండ్ల లోపువారు. అనగా ఇల్లు నిలుపవలసిన వయస్సువారు.

ఇతర దేశములవారు ఈ చిక్కును గుర్తించి లైసెన్సునే మెట్లుమెట్లుగా నిచ్చుచున్నారు. న్యూజిలాండువారు 1987లో ఈ పద్ధతి పెట్టిరి. అచ్చట బండి నడుపుటలో మొదటి పరీక్ష నెగ్గినవానికి వచ్చునది హద్దులుగల లైసెన్సు. ఒంటరిగా నడుపువేళ రాత్రి 10 గంటలు మొదలు తెల్లవారి 5 వరకు నడుపరాదు, స్నేహితుల నెక్కించుకొనరాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 21 ఏండ్లలోపు అభ్యాసకుడు పెద్దవారిని ప్రక్కన నుంచుకొని 120 గంటలు నడిపినట్లు పుస్తకమున వ్రాసి చూపిననేగాని పరీక్షకు తీసికొనరు. మన దేశమున కారు లైసెన్సున కిట్టి మెట్లు లేవు. నిన్న పరీక్ష నెగ్గినవాడు నేటిరాత్రి నలుగురు స్నేహితులతో జాతీయ రహదారి నెక్కినను చట్ట మడ్డుపడదు. చట్టమున లేని మెట్లను ఇంటిలో మనమే కట్టుకొనవలెను. మేము చెప్పదలచిన దింతయే.

ఇది రైతునకు క్రొత్త సంగతి కాదు. క్రొత్త వరి వంగడము వచ్చినప్పుడు, ఎంత మంచిదని చెప్పినను, పదెకరములును ఒక్కమారే దానితో నాటు రైతు లేడు. మొదటి యేడు పది సెంట్లలో వేసి, గాలికి పడునా, తెగులునకు తాళునా యని చూచి, మరుసటి యేడు ఎకరమున వేయును. కోడెను కాడి కట్టునపుడు అనుభవముగల యెద్దును జతచేయుట యెఱుగనివా రెవరు? విత్తునకును కోడెకును ఇచ్చు వ్యవధి కన్నకుమారునకు ఇయ్యకుండుట న్యాయమా?

మా సూచన యిది. లైసెన్సు వచ్చిన మొదటి రెండు నెలలు తండ్రియో, నడుపుట వచ్చిన పెద్దవారెవరో ప్రక్కన కూర్చుండగా, పగటివేళ, తెలిసిన దారిలో నడుపవలెను. తండ్రి మాటిమాటికి కేకలు వేయరాదు, "ఆ మలుపునకు ఆవల నేమి యుండవచ్చును?" అని యడుగుచు వాని కంటిని నేర్పవలెను. తరువాత నాలుగు నెలలు మండలపు పట్టణమువరకు ఒంటరిగా పగలు పోయి రావచ్చును. ఆరు నెలలు గడచిన పిదప రాత్రివేళ, వానలో, రహదారిపై నడుపుట మొదలుపెట్టవలెను. అదియు మొదటి కొన్నిమార్లు పెద్దవారితోడనే. ఏడాది నిండినప్పుడు హద్దులు తీసివేయవచ్చును. హద్దు మీరినచో ఒక మెట్టు వెనుకకు దించవలెనుగాని తిట్టి కొట్టుటవలన ఫలము లేదు. ఈ యేర్పాటును తాళపుచెవి ఇచ్చుటకు ముందే కూర్చుండి మాటలాడుకొనవలెను. ప్రయాణమునాడు గుమ్మమువద్ద వాదించుట తగదు.

మన ప్రాంతపు దారుల ప్రత్యేకతలుకూడ వానికి చూపవలసియున్నది. గోదావరి, కృష్ణా డెల్టాలలో పంటకాలువగట్టు దారులు ఇరుకు. పలుచోట్ల అంచున గోడ లేదు. ఎదురుబండికి దారి యిచ్చుటకై కొంచెము ప్రక్కకు జరిగిన చక్రము నీటిలోనికి పోవును. కోతల కాలమున దారిపై సగము ధాన్యము ఆరబోసియుందురు. దాని యంచున పెట్టిన రాళ్లు రాత్రివేళ కనబడవు. వెనుక దీపము లేని గడ్డి ట్రాక్టరు, చెఱకు ట్రక్కు చీకటిలో గోడవలె నిలిచియుండును. సంక్రాంతి దినములలో వేకువ మంచు దట్టముగా నుండును. అవే దినములలో హైదరాబాదునుండి విజయవాడకు వచ్చు 65వ నంబరు రహదారి బండ్లతో నిండియుండును. ఇవి పరీక్ష స్థలమున నుండవు.

స్నేహితుల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. ఒంటరిగా నెమ్మదిగా పోవు పిల్లవాడే నలుగురు తోటివారెక్కినతోడనే వేరొకడగును. ఒకడు పాట పెంచును, ఒకడు ముందు బండిని దాటుమనును, ఒకడు ఫోనులో పటము తీయును. యౌవనపు చోదకులకు తోటి యీడువారు ఎక్కినకొలది అపాయము హెచ్చునని పరిశోధకులు కనుగొనియున్నారు. కావున మొదటి ఆరు నెలలు స్నేహితుల నెక్కించుకొనరాదని ఖండితముగా చెప్పవలెను. "మా నాన్న ఒప్పుకొనడు" అను మాట పిల్లవానికి ఒక రక్షణ. తన పిఱికితన మనిపించుకొనకుండ తప్పించుకొనుటకు వీలిచ్చును. ఆ నిష్ఠూరమును తండ్రి సంతోషముతో మోయవలెను.

మఱియొక నియమము పెద్దలు తమకు తాము పెట్టుకొనవలెను. ఏ రాత్రియైనను, నిద్ర ముంచుకొనివచ్చినను, ఎవరో బలవంతపెట్టగా త్రాగియున్నను, పిల్లవాడు ఫోను చేసి "నాన్నా, నేను నడుపలేను" అన్నచో, తండ్రి యేమియు ననక పోయి తీసికొని రావలెను. మందలింపు తెల్లవారిన పిదప. ఆ రాత్రి తిట్లకు భయపడి బండి నడిపిన కుమారునికంటె, ఆ రాత్రి నిజము చెప్పిన కుమారుడు మేలు.

ఇక సొమ్ము సంగతి. థర్డు పార్టీ బీమా లేని బండి దారిపైకి రాకూడదు. బీమా యున్నను, లైసెన్సు లేనివాడు నడిపెనని తేలినచో, కంపెనీ బాధితులకు మొదట చెల్లించి, ఆ మొత్తమును యజమానినుండి రాబట్టుకొనునట్లు న్యాయస్థానములు తీర్పు చెప్పియున్నవి. సంపాదించు వయస్సు వానిని పోగొట్టుకొన్న కుటుంబమునకు నిర్ణయింపబడు పరిహారము లక్షలలో నుండును. తాతలనాటి రెండెకరములు అట్లు పోవచ్చును. లైసెన్సు, బీమా అన్నియు సరిగా నున్నను, చనిపోయిన పొరుగింటి కూలివానిని బీమా తిరిగి తేదు. అది తన చేతిమీదుగా జరిగినదను తలంపును 18 ఏండ్ల పిల్లవాని మనస్సునుండి తుడువదు.

"ఇంత భయమైనచో కారియ్యకుండుటే మేలు గదా" యని కొందరనవచ్చును. కాదు. ఇయ్యని యింటి పిల్లవాడు స్నేహితుని బండి నడుపును. అక్కడ మన కన్ను లేదు. అదియుగాక, అర్ధరాత్రి తాతకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఇంటిలో నడుపగలవా రొక్కరే యుండుటకంటె ఇద్దరుండుట మేలు. ఈ కారణముచేతనే ఆడపిల్లలకుకూడ నేర్పవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. మెట్లు ఇద్దరికిని ఒక్కటే.

కడపట పెద్దలకొక మాట. పిల్లవాడు నడుపుట నేర్చుకొనునది 18వ యేట కాదు. ఊహ తెలిసిన నాటినుండి వెనుక సీటులో కూర్చుండి తండ్రిని చూచుచు నేర్చుకొనుచున్నాడు. సీటు బెల్టు పెట్టుకొనక, చెవికి ఫోను ఆనించుకొని, "పోలీసు లేడులే" యనుచు ఎదురుదారిలో పోవు తండ్రి, లైసెన్సు వచ్చినాడు వల్లించు నీతులను ఎవరు విందురు? సభ్యులు ఈ వారముననే తమ నడపిక యెట్లున్నదో చూచుకొని, ఇంట పిల్లలతో కూర్చుండి, పైన చెప్పిన మెట్లను తమ యింటికి తగినట్లు మార్చుకొని, ఒక కాగితముపై వ్రాసి గోడకు పెట్టుకొందురని కోరుచున్నాము.